మంచు ఎరుగని మఫ్రఖ్‌లో యాంటీఫ్రీజ్ ఎందుకు?

అరబ్బీలో 'మఫ్రఖ్' అనగా దారులు చీలే చోటు. అబుధాబి నగరం దాటి ఈ కూడలికి వస్తే ఒక రహదారి సౌదీ సరిహద్దున ఉన్న ఘువైఫాత్ వైపు సాగుతుంది. దక్షిణాన హమీమ్‌కు పోయే దారిలో షేక్ హమద్ బిన్ హమ్దాన్ అల్ నహ్యాన్ తాను సేకరించిన పాత కార్ల కొరకు పిరమిడ్ ఆకారపు మ్యూజియం కట్టించారు. ఈ ప్రాంతంలో జనవరి రాత్రులలో సైతం నీరు గడ్డకట్టే చలి ఉండదు. ఇక్కడ పాత కారు గలవారిని "యాంటీఫ్రీజ్ పోశారా?" అని అడిగితే నవ్వు రావడం సహజం. నిజానికి నవ్వదగినది ఆ ద్రవం పేరు మాత్రమే, దాని అవసరం కాదు.

ముందు పేరుకు తగిన పని చూద్దాం. నీరు మంచుగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పోత ఇనుప ఇంజిన్ దిమ్మ సైతం పగులుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ కలిపితే దాని అణువులు నీటి అణువులను మంచు స్ఫటికంగా పేర్చుకోనివ్వవు. రెండూ సమపాళ్లలో కలిసిన ద్రవం సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. విచిత్రమేమంటే గ్లైకాల్ ఒక్కటే అయితే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది! ఎమిరేట్లలో ఈ గుణం బొత్తిగా అక్కరలేదనీ చెప్పలేం. రస్ అల్ ఖైమాలోని జబల్ జైస్ శిఖరంపై 2017 ఫిబ్రవరిలో మైనస్ 5.7 డిగ్రీలు నమోదైంది.

అయితే మైదానంలో పాత కారుకు అసలు శత్రువు తుప్పు. మనకు బాగా తెలిసిన అంబాసిడర్‌నే తీసుకోండి. తొలి తరాల బండ్లలో ఇంజిన్ దిమ్మ పోత ఇనుము, రేడియేటర్ రాగి, ఇత్తడి, అతుకులు సీసం, తగరం. ఇన్ని లోహాలు ఒకే నీటిలో మునిగి ఉంటే అది ఒక చిన్న విద్యుత్ ఘటమే. అందులో ఇనుము క్షయిస్తుంది. నీరు, ఆమ్లజని తోడై ఏర్పడిన తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి, పొరలుగా ఊడి, రేడియేటర్ సన్నని గొట్టాలను మూసివేస్తుంది. జూలై మధ్యాహ్నం బండి ఆవిరి కక్కడానికి కారణం చాలాసార్లు ఎండ కాదు, లోపలి ఈ ఎర్రమట్టి.

నీరు తగ్గినప్పుడల్లా చెంబెడు పోయడం మన అలవాటు. ప్రతి చెంబుతోనూ కొత్త ఆమ్లజని, లవణాలు లోపలికి చేరతాయి. కనుక ముందుగా కారుతున్న చోటు కనిపెట్టాలి. ఒత్తిడి ఎక్కువైతే నీరు ఆలస్యంగా మరుగుతుందని విని కొందరు గట్టి మూత బిగిస్తారు. పాత రేడియేటర్ అతుకులు దానికి తాళవు. తయారీదారు చెప్పిన మూతే ఉంచాలి.

గ్లైకాల్ మరుగు స్థానాన్ని కొన్ని డిగ్రీలు పెంచుతుంది. సమపాళ్ల మిశ్రమం మూత లేకున్నా 107 డిగ్రీల వరకు మరగదు. కాని వేడిని మోసుకుపోవడంలో అది నీటికి సాటి రాదు. అందుచేత గల్ఫ్ మైదానాల్లో మూడింట ఒక వంతు చాలు. అంతకు తగ్గిస్తే డబ్బాలోని తుప్పు నిరోధకాలు పలుచబడి పని చేయవు. మిగిలినది బ్యాటరీలకు పోసే స్వేదన జలం కావాలి. కుళాయి నీటిలో క్లోరైడులుంటాయి. పాత కార్లకు సిలికేటు వంటి సంప్రదాయ నిరోధకాలు గల రకమే క్షేమం. రంగు చూసి కొనరాదు, ఏ రంగుకూ నియమం లేదు. గ్లైకాల్ కాలక్రమేణా ఆమ్లాలుగా మారుతుంది, నిరోధకాలు ఖర్చవుతాయి. కాబట్టి రెండేళ్లకొకసారి మార్చాలి. మార్చేటప్పుడు రేడియేటర్ కుళాయితోపాటు ఇంజిన్ దిమ్మకున్న కుళాయి కూడా విప్పాలి. అసలు మడ్డి చేరేది అక్కడే.

వేసవి సెలవులకు స్వదేశం వెళ్తూ కొందరు నీరంతా తీసేసి వెళ్తారు. ఇంతకంటె హాని లేదు. తడి ఆరని లోహానికి గాలి తగిలితే తుప్పు మరింత వేగంగా పడుతుంది. తాజా మిశ్రమం నిండుగా ఉంచి వెళ్లడమే మేలు.

తీసిన ద్రవాన్ని నేలపై వదలకండి. అది తియ్యగా ఉంటుంది. పిల్లలు, పెంపుడు జంతువులు తాగవచ్చు. శరీరంలో అది విషామ్లాలుగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మొదటి గంటల్లో కేవలం మత్తుగా కనిపించవచ్చు. పిల్లవాడు ఒక్క గుక్క తాగాడని అనుమానం కలిగినా లక్షణాల కొరకు వేచి ఉండక, డబ్బాను వెంట పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. దీనికి ఫోమెపిజోల్ అనే విరుగుడు ఉన్నది, ఎంత త్వరగా ఇస్తే అంత గుణం.