మడి చదునుకు నీరే కొలబద్ద

ఒక గాజుగ్లాసులో సగం వరకు నీరు పోసి, గ్లాసును కొంచెం పక్కకు వంచండి. లోపలి నీటి బొమ్మ గీయమని నేను ప్రతి ఏటా తరగతిలో అడుగుతుంటాను. గ్లాసు అడుగుతోపాటు నీటి ఉపరితలాన్ని కూడా వంచి గీసేవారు కొందరు ఎప్పుడూ ఉంటారు! నిజానికి గ్లాసు ఎంత వంగినా నీటి ఉపరితలం సమతలంగానే ఉంటుంది. భూమ్యాకర్షణ వల్ల నీరు పల్లానికి జారుతుంది. ఉపరితలంలో ఎత్తుపల్లాలు పోయేవరకు కదులుతూనే ఉంటుంది.

మిర్యాలగూడ చుట్టుపక్కల కనిపించే వరి మడి కూడా ఇలాంటి గ్లాసే, కాకపోతే చాలా వెడల్పైనది. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీరు వదిలారు. ఏటవాలు మెట్ట నేలలో వరి నాటాలంటే మెరక తవ్వి, పల్లం పూడ్చి, గట్లు వేసి మళ్లుగా మార్చుకోవాలి. ఈ పని సరిగా జరగకపోతే ఏమవుతుందో లెక్క వేద్దాం.

ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దానిలో 1 సెం.మీ. లోతు నీరు నిలపాలంటే 40 వేల లీటర్లకు పైగా కావాలి. మడి ఒక చివర నుంచి రెండో చివరకు 10 సెం.మీ. వాలుగా ఉందనుకోండి. మెరక చివర 2 సెం.మీ. నీరు నిలవాలంటే పల్లం చివర 12 సెం.మీ. నిలవాలి. సగటు లోతు 7 సెం.మీ. అదే మడి చదునుగా ఉంటే 2 సెం.మీ. చాలు. తేడా 5 సెం.మీ., అనగా ఎకరానికి రెండు లక్షల లీటర్లు! కాలువ చివరి భూముల రైతు ఎదురుచూసేది ఈ నీటి కోసమే. ఇంత నీరు పెట్టినా పైరు సమంగా రాదు. పల్లంలో లేత నారు మునిగి పిలకలు తక్కువగా వేస్తుంది. మెరకలో నీరు ఆరినప్పుడల్లా గాలి తగిలి కలుపు గింజలు మొలుస్తాయి.

ఎత్తుపల్లాలు కంటితో అంచనా వేస్తే మోసపోతాం. తాపీమేస్త్రీలు వాడే సన్నని పారదర్శక గొట్టం సంపాదించండి. పది మీటర్ల పొడవు చాలు. రంగు కలిపిన నీటితో నింపి, రెండు చివరలను రెండు కర్రలకు ఆనించి పట్టుకోండి. గొట్టంలో గాలిబుడగ ఉండరాదు; చివరలను బొటనవేలితో మూయరాదు. నీరు కదలడం ఆగిన తరువాత రెండు కర్రల మీద గుర్తులు పెట్టి, గుర్తు నుంచి నేల వరకు కొలవండి. ఒకచోట 92 సెం.మీ., మరొకచోట 104 సెం.మీ. వచ్చాయనుకోండి. ఏది మెరక? చాలామంది 104 అంటారు. కాదు! కొలత ఎక్కువ వచ్చినచోట నేల 12 సెం.మీ. దిగువన ఉన్నది.

ఇలా మడిలో అనేక చోట్ల కొలిచి సగటు కట్టాలి. సగటుకు పైనున్న మట్టిని తీసి కిందనున్న చోట వేయాలి. మనం చెప్పుకొన్న మడిలో సుమారు 50 ఘనపు మీటర్ల మట్టి కదలాలి. సారం ఎక్కువగా ఉండే పైపొర మట్టిని ముందుగా పక్కకు తీసి, చదును అయిన తరువాత తిరిగి పరచడం మంచిది.

ఇప్పుడు ట్రాక్టరుకు తగిలించే లేజర్ చదును యంత్రాలు వచ్చాయి. ముక్కాలిపీట మీద తిరిగే లేజర్ కిరణం పొలమంతా ఒక అదృశ్య సమతలాన్ని గీస్తుంది. మట్టిని గీకే పలకపై ఉన్న గ్రాహకం ఆ కిరణాన్ని అందుకొని, పలకను తానే పైకి కిందికి జరుపుతుంది. మీలో ఎవరికైనా ఒక సందేహం రావచ్చు: కిరణం తిన్ననిది, నీటి ఉపరితలం భూమితోపాటు వంగినది కదా? నిజమే! కిలోమీటరు దూరానికి ఆ వంపు సుమారు 8 సెం.మీ. కాని 64 మీటర్ల మడికి అది మిల్లీమీటరులో మూడోవంతే.

పూడ్చిన మట్టిని మాత్రం నమ్మకండి. అది తరువాత కుంగుతుంది. అందుకే నేలమీద నిలబెట్టే ఈతతొట్టె కోసమైతే పల్లం పూడ్చరు, మెరకనే తవ్వుతారు. 4 మీటర్ల వ్యాసం, మీటరు లోతు ఉన్న తొట్టెలో నీరే పన్నెండున్నర టన్నులు. దాని కింద 10 సెం.మీ. వాలు ఉంటే ఒక పక్క లోతు 95, రెండో పక్క 105 సెం.మీ. గోడ మీద పడే మొత్తం తోపుడు లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, పల్లం వైపు అది ఐదోవంతు కంటె ఎక్కువగా ఉంటుంది. తొట్టె ఒరిగితే ఆ పక్కకే.

మడిలో కుంగిన చోట్లను దమ్ము సమయంలో పట్టుకోవచ్చు. పలుచగా నీరు పెట్టి, గాలి లేని ఉదయం గట్టు మీద నిలబడి చూడండి. మెరక చోట్లు చిన్న దీవుల్లా బయటపడతాయి. వాటికి వెంటనే పుల్లలు గుచ్చండి. నీరు ఇంకిన తరువాత వెదికితే కనిపించవు.