జినాన్ బల్బు కొనేముందు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పనిలోనే నా జుట్టు నెరిసింది. ఈమధ్య సెకండ్‌హ్యాండ్‌లో పెద్ద కారు కొన్న కుర్రాళ్లు ఎక్కువగా వస్తున్నారు. కారు అందుబాటు ధరకే దొరుకుతుంది. కొన్నాళ్లకి ఒకవైపు జినాన్ హెడ్‌లైట్ ఆగిపోతుంది. ఎవరో చూసి మొత్తం డూమ్, అంటే హెడ్‌లైట్ డబ్బా అంతా, మార్చాలంటారు. ఆ ధర వినేసరికి వీళ్ల గుండె జారిపోతుంది. వాళ్లకి నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. ఆయుష్షు గంటల్లో లెక్కేయండి

జినాన్ బల్బులో ఫిలమెంటు ఉండదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టిన ఆర్కే వెలుగవుతుంది. తెగిపోయే తీగ లేదు కాబట్టి, హాలోజన్ బల్బు 500 నుంచి 1,000 గంటలు వెలిగితే ఇది 2,000 నుంచి 3,000 గంటలు వెలుగుతుంది. రోజుకి గంటసేపు రాత్రిపూట నడిపేవారికి 2,000 గంటలంటే ఐదేళ్ల పైమాటే. అదే హైదరాబాద్, విజయవాడల మధ్య రోజూ రాత్రి ఆరు గంటలు తిరిగే ట్రావెల్స్ బండికి ఏడాది కూడా రాదు. అందుకే ఎన్నేళ్లొస్తుందని ఎవరైనా అడిగితే, రాత్రిళ్లు ఎంత తిరుగుతారని ముందు నేనే అడుగుతాను.

వెలిగించిన ప్రతిసారీ 20,000 వోల్టులకు పైగా కరెంటు ఆ ఎలక్ట్రోడ్లను తాకుతుంది. వరసగా వెలగడంకన్నా మాటిమాటికీ ఆపి వేయడమే బల్బుని ఎక్కువ అరగదీస్తుంది. కొన్ని కార్లలో డిప్పర్ కొట్టినా ఈ బల్బే వెలుగుతుంది. అలాంటి కారులో పగటిపూట హారన్ కొట్టండి, డిప్పర్ వద్దు.

2. వెలుగు తగ్గడం కంటికి ఆనదు

హాలోజన్ ఒక్కసారిగా పోతుంది. జినాన్ నెలల తరబడి మసకబారుతూ వస్తుంది, కన్ను దానికి అలవాటు పడిపోతుంది. నాకు భయం ఈ దశ గురించే. రెండు లైట్లూ బాగానే వెలుగుతున్నాయనుకుంటూ, రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టర్ ట్రక్కుని ఆలస్యంగా చూస్తారు. సాయంత్రం కారుని గోడకి ఎదురుగా నిలిపి రెండువైపులా పోల్చి చూడండి. ఒకటి గులాబీ రంగులోకో ఊదాలోకో తిరిగినా, వెలిగి కాసేపటికి ఆరిపోయి, స్విచ్ ఆపి వేస్తే మళ్లీ వెలిగినా, బల్బు చివరి రోజుల్లో ఉన్నట్టే. రెండూ సమానంగా మసగ్గా ఉంటే ముందు డూమ్ పైభాగం చూడండి. ఎండకి పసుపెక్కిన ప్లాస్టిక్‌ని పాలిష్ చేయిస్తే కొన్ని వందలతో సగం పని తీరుతుంది.

3. కొనేముందు అటుది ఇటు పెట్టి చూడండి

అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చేది ఇదే. కుడివైపు లైటు పోయిందనుకోండి. దాని బల్బుని ఎడమవైపు పెట్టి, ఎడమది కుడికి తెచ్చి వేయండి. జబ్బు బల్బుతోపాటు ఎడమకి వెళ్తే బల్బు మారిస్తే చాలు. కుడివైపే ఉండిపోతే బల్బు తప్పేమీ లేదు, బల్బుకి కావలసిన వోల్టేజీ అందించే బ్యాలాస్ట్‌ని అనుమానించాలి. దాని కనెక్టర్, ఎర్త్, ఫ్యూజు కూడా చూడాలి. చాలా కార్లలో బ్యాలాస్ట్ డూమ్ అడుగునే బిగించి ఉంటుంది. సీలు పాడైతే వానాకాలంలో నీళ్లు దిగుతాయి. విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది.

ఖర్చులో తేడా చూడండి. హాలోజన్ బల్బు వందల్లో వస్తుంది. మంచి కంపెనీ జినాన్ బల్బు వేలల్లో ఉంటుంది, బ్యాలాస్ట్ కూడా వేలల్లోనే. డూమ్ మొత్తం మారిస్తే పదివేలు దాటి పోతుంది, ఖరీదైన కార్లలో లక్ష కూడా దాటుతుంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా డూమ్ మార్చమనడం అన్యాయం.

డిమ్‌కీ హైబీమ్‌కీ ఒకే జినాన్ బల్బు వాడే బై-జినాన్ లైట్లలో ఇంకో గుర్తు ఉంది. డిమ్ వెలిగి హైబీమ్ రాకపోతే బల్బు జోలికి పోకండి. లోపల అడ్డుతెరని కదిపే సోలినాయిడ్ ఇరుక్కుని ఉంటుంది.

బల్బులు అటూఇటూ మార్చే పని ఇంట్లో చేస్తే స్విచ్ ఆపి, బ్యాటరీ వైరు తీసి, బల్బు చల్లారాకే చెయ్యి పెట్టండి. ఆ వోల్టేజీ ప్రాణం తీయగలదు. గాజుని వట్టి వేళ్లతో తాకవద్దు.

4. జతగా మార్చండి

కొత్త బల్బు వెలుగు 4,300 కెల్విన్ దగ్గర, కాస్త వెచ్చటి తెలుపులో ఉంటుంది. పాతబడేకొద్దీ నీలంవైపు జరుగుతుంది. ఒక్కటే మారిస్తే కొత్తది పసుపుగా కనబడి, నకిలీ బల్బు వేశారని కస్టమర్ గొడవకి దిగుతాడు. పైగా రెండూ ఒకే వయసువి, రెండోది కూడా త్వరలోనే పోతుంది. బంపర్ విప్పితేగాని బల్బు అందని కార్లలో రెండోసారి మజూరీ ఎందుకు కట్టాలి?

5. పాత బల్బు మీది అక్షరాలు చదవండి

డి1ఎస్, డి3ఎస్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ వెలిగాక మొదటిది 85 వోల్టుల మీద, రెండోది 42 వోల్టుల మీద నడుస్తుంది. డి1, డి2 రకాల్లో పాదరసం ఉంటుంది, డి3, డి4 రకాల్లో ఉండదు. చివర ఎస్ ఉంటే ప్రొజెక్టర్‌కి, ఆర్ ఉంటే రిఫ్లెక్టర్‌కి. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు. పాదరసం ఉన్న పాత బల్బుని పగలగొట్టకండి, చెత్తలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

6. హాలోజన్ డూమ్‌లో జినాన్ కిట్ వేయమని నన్ను అడగొద్దు

ఎంత తెలిసినవాళ్లయినా వేయను. హెచ్7 హాలోజన్ ఇచ్చేది 1,500 ల్యూమెన్లు. జినాన్ ఇచ్చేది 3,200. ఆ వెలుగుని అదుపు చేసే ప్రొజెక్టర్ లేకపోతే అదంతా ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. డివైడర్ లేని రెండు లైన్ల రోడ్డు మీద, బైకు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వచ్చే మనిషికి ఆ రెండు క్షణాలు ఏమీ కనపడదు. 8,000 కెల్విన్ నీలి బల్బులు ఇంకా దండగ, తడి రోడ్డు మీద వెలుగే ఆనదు. కేసు కూడా అవుతుంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

7. స్క్రాప్‌లో ఏది కొనాలి

బ్యాలాస్ట్ కొనొచ్చు. పార్టు నంబరు సరిచూసుకుని, లోపలికి నీళ్లు దిగలేదని నిర్ధారించుకుని, అక్కడే వెలిగించి చూసి తెచ్చుకోండి. బల్బు మాత్రం కొనకండి. అది ఎన్ని గంటలు వెలిగిందో అమ్మేవాడికీ తెలియదు.