విడుదలకు ముందు డిస్కు పరీక్ష

మన బిడ్డలు బడిలో కంప్యూటరు ముందు కూర్చుండి పాఠములు నేర్చుచున్నారు. ఆ యంత్రమును నడిపించు ఆపరేటింగ్ సిస్టమ్ దానిలోనికి ఎట్లు చేరినదో తల్లిదండ్రులమైన మనము సాధారణముగా అడుగము. నేడు పెన్ డ్రైవు నుండి ఎక్కించుట వాడుకయైనది గాని, చాల కాలము సి.డి.లు, డి.వి.డి.లే ఆ పని చేసినవి. పాత యంత్రములున్న చోట్ల ఇప్పటికిని వాటి అవసరము తీరలేదు. అట్టి డిస్కును లోకమునకు వదలక ముందు దానిని ఎట్లు పరీక్షింతురో తెలుపుటకే ఈ వ్యాసము.

ఉచితముగా లభించు లినక్స్ వ్యవస్థలలో డెబియన్, ఫెడోరా, ఉబుంటు పేరొందినవి. ఉబుంటువారు 2011 వరకు, కోరినవారికి సి.డి.లను తపాలాలో ఉచితముగా పంపుచుండిరి. పత్రికలో అచ్చుతప్పు పడినచో మరుసటి సంచికలో సవరణ వేయవచ్చును. సముద్రము దాటిపోయిన డిస్కును దిద్దుట ఎట్లు? పైగా, ఇన్‌స్టాల్ చేయునపుడు యంత్రములోని పాత సమాచారమును చెరిపివేయుట కద్దు. చెరుపుట ముగిసి, క్రొత్తది ఎక్కుచుండగా డిస్కు మొరాయించినచో పాతదియు ఉండదు, క్రొత్తదియు ఉండదు.

మొదటి పరీక్ష, యంత్రము డిస్కు నుండి మేల్కొనునా యన్నది. ఇందుకు ‘ఎల్ టోరిటో’ అను నిబంధనమును ఫీనిక్స్, ఐ.బి.ఎం. సంస్థలు 1995లో ఏర్పరచినవి. (అది ఒక భోజనశాల పేరని చెప్పుదురు!) డిస్కు మీది సమాచారము 2048 బైట్ల సెక్టార్లుగా నుండును. సున్న మొదలు లెక్కించినచో 17వ సెక్టారులో, ప్రారంభ కార్యక్రమము ఎచ్చటనున్నదో తెలుపు గుర్తు ఉండును. అంతకు ముందున్న మొదటి 16 సెక్టార్లను ఈ పద్ధతి వాడదు. పెన్ డ్రైవునకు కావలసిన విభాగపట్టికను లినక్స్‌వారు ఆ ఖాళీలోనే ఇమిడ్చిరి. అందుచేత ఒకే ప్రతి రెండింటి మీదను పనిచేయును గాని, మేల్కొను దారులు వేరు. పెన్ డ్రైవుతో పరీక్షించి, డిస్కు కూడ పనిచేయునని నమ్ముట పొరపాటు. బయోస్ గల పాత యంత్రము మీదను, యు.ఇ.ఎఫ్.ఐ. గల క్రొత్త యంత్రము మీదను విడివిడిగా చూడవలసినదే.

రెండవది పరిమాణము. సాధారణ సి.డి.లో 700 మెగాబైట్లు, ఒక పొర గల డి.వి.డి.లో 470 కోట్ల బైట్లు పట్టును. 2012 అక్టోబరులో వెలువడిన ఉబుంటు 12.10 సి.డి.లో పట్టక పోయినది. పట్టినంత మాత్రమునను చిక్కు తీరదు. లినక్స్ కొన్ని సెక్టార్లను ముందుగానే చదువబోవును. కొన్ని విధముల వ్రాసిన డిస్కులో చివరి సెక్టార్లకు వచ్చునప్పటికి ఆ తొందర వలన చదువుట తప్పిపోవును. ఆ దోషము నివారించుటకు చివర 150 ఖాళీ సెక్టార్లు చేర్చుట పరిపాటి. ఇట్టి దోషము కేవలము కంప్యూటరులోని ప్రతిని పరీక్షించిన కనబడదు. నిజమైన డిస్కును వ్రాసి, నిజమైన యంత్రములో పెట్టి చూడవలయును.

తరువాత భాష, కీబోర్డు, విభాగములు, సంకేతపదము అన్నియు ఎన్నుకొని, డిస్కు తీసివేసి, యంత్రమును మరల ప్రారంభించి లోనికి ప్రవేశించువరకు పరీక్ష సాగవలయును. మధ్యలో ‘బాగుగనే యున్నది’ అని లేచిపోయినవాడు పరీక్షకుడు కాడు.

ఇచ్చట తెలుగువారమైన మనకు సంబంధించిన మాట యొకటి కలదు. డెబియన్ ఇన్‌స్టాలరులో తెలుగు కలదు. కాని కేవలము అక్షరములతో నడచు తెర మీద మన లిపి రాదు; చిత్రరూపమైన తెరను ఎన్నుకొన్నప్పుడే కనబడును. ఆంగ్లమును ఎన్నుకొని పరీక్షించినవారికి తెలుగు తెర మీది తప్పు కంటబడనే పడదు. ఒత్తులు విడిపోయినను, వాక్యము సగములో తెగినను చూచి చెప్పవలసినది తెలుగు చదువగలవారే. ఈ వ్యవస్థల పరీక్షలో స్వచ్ఛంద సేవకులు పాల్గొందురు. పెద్ద తరగతుల విద్యార్థులును పాల్గొనవచ్చును.

ఫెడోరావారు విడుదలకు ముందు సమావేశమై, వదలుటయా మానుటయా యని నిర్ణయింతురు. పెద్ద దోషమున్నచో తేదీ వాయిదా పడును. 2012 నవంబరులో రావలసిన ఫెడోరా 18, ఇన్‌స్టాలరును క్రొత్తగా వ్రాయుట వలన ఆలస్యమై, 2013 జనవరి 15న వెలువడినది.

బడికి డిస్కు వచ్చినప్పుడు మనము చేయదగిన పరీక్షయు కలదు. ఫెడోరా డిస్కు మొదటి పట్టికలోనే, డిస్కును సరిచూచి పిమ్మట ఆరంభించు ఏర్పాటు ఉండును. దానిని తొందరపడి దాటవేయక, ముందుగా ఏమియు దాచుకొనని ఒక్క యంత్రము మీద చివరివరకు నడిపించి, ఆ పిమ్మటనే తక్కిన యంత్రములను ముట్టుకొనుడని ఉపాధ్యాయులను కోరవచ్చును.