కందనవోలు పుర చరిత్రము

లండను, న్యూయార్కు నగరముల వీధుల పేరులు తడువుకొనక చెప్పగల విద్యార్థులు మనలో పలువురు గలరు. అయినను తాము దినదినము దాటుచున్న వంతెన క్రింది యేఱు ఎచ్చట పుట్టినదని యడిగినచో వారిలో ననేకులు మొగమొగములు చూచికొందురు. కావున ఈ పర్యాయము దూరదేశముల మాట యటుంచి, కర్నూలు పట్టణమును గూర్చి కొంత వ్రాయ నుద్దేశించితిమి. రాజుల పేరులను వరుసగా నప్పగించుట మా యభిమతము గాదు. ఈ యూరివారు నీటి కొరకును, నీటి చేతను, రాజధాని పదవి చేతను పడిన పాట్లే మాకు ముఖ్యము.

కర్నూలు తుంగభద్రకు దక్షిణపుటొడ్డున, హంద్రీనది దానిలో గలియు తావున నున్నది. తుంగభద్ర పడమటి కనుమలలో జనించి కన్నడదేశమును దాటి వచ్చుచున్నది. హంద్రీ యన్ననో మన మద్దికెర పొలములయందే పుట్టిన బిడ్డ. వేసవిలో నందు ఇసుక దప్ప వేరేమియు గానరాదు. మీదినాట గట్టి వాన కురిసెనా, తెల్లవారుసరికి గట్లొరసికొని పాఱును. ఈ రెండేళ్ల నడుమ నిలిచిన యూరికి నీటి కఱవును, నీటి భయమును గూడ తప్పవు.

ఊరి పేరును గూర్చి యొక జనశ్రుతి కలదు. ఏటి కవతల ఆలంపురమున చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములు గలవు గదా! ఆ యాలయములకు రాళ్లు తోలు బండ్లవారు ఇచ్చట నాగి, ఏఱు దాటుటకు ముందు ఇరుసులకు కందెన వేసికొనెడివారట. అందుచే నిది కందెనవోలై, కందనవోలై, తుదకు కర్నూలయ్యెనందురు. రాజు పేర గాక బండ్లవాని కందెన పేర వెలసిన పట్టణమని తలచుకొనుట మాకు మిక్కిలి ప్రియము.

విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల (1529-1542) కాలమున నిచ్చట కోట వెలసెను. దానిలో నేడు మిగిలినది కొండారెడ్డి బురుజు. ఆలంపురపు పాలకుడగు కొండారెడ్డిని అందు బంధించి యుంచుటచే నా పేరు వచ్చెనని చెప్పుదురు. పిమ్మట బీజాపురపు సుల్తానుల యేలుబడి. వారి కాలపు పాలకుడగు అబ్దుల్ వహాబుఖాను సమాధి హంద్రీ యొడ్డున గుమ్మటములతో నేటికిని జూడదగియున్నది. తరువాత మొగలాయీలు, పఠాను నవాబులు. 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ కోటను పట్టుకొనెను. 1800లో నిజాము తన సీమలను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసినప్పుడు కర్నూలుపై పెత్తనము గూడ వారికే చేరెను. అప్పటినుండి ఈ ప్రాంతమునకు దత్తమండలములను పేరు కలిగెను. ఒకరు మఱియొకరికి ఇచ్చివేసిన సీమ యని యర్థమిచ్చు నా పేరు మనవారికి రుచింపకుండుట సహజమే. 1928లో నంద్యాల సభలో రాయలసీమ యను పేరు ప్రతిపాదింపబడి, క్రమముగా నదియే నిలిచెను.

కడపటి నవాబు గులాం రసూల్ ఖాను. అతడు కోటలో ఫిరంగులను, మందుగుండును రహస్యముగా గూర్చుచున్నాడని 1839లో కంపెనీ సేనలు వచ్చిపడెను. జోరాపురము చెంత పోరు జరిగెను. నవాబు తిరుచిరాపల్లికి పంపబడి, 1840లో నచ్చటనే హతుడయ్యెను. 1858లో కడప జిల్లానుండి కొన్ని తాలూకాలను జేర్చి కర్నూలును జిల్లాగా నేర్పఱచిరి. 1866లో ఇచ్చట మునిసిపాలిటీ స్థాపితమయ్యెను, కడపలో 1868లో. వీథి దీపములు, మురుగు కాలువలు, బళ్లు, త్రాగు నీరు అను విషయములు నవాబు దయమీద గాక, పన్ను కట్టు పౌరుల మాటమీద నడువవలెనను భావము మెల్లమెల్లగా నీ రీతిని ప్రవేశించెను. మెల్లగా ననుట యేలనన, ఆరంభదినములలో సామాన్యుల మాట సభలో వినబడుట యరుదు.

ఇక కాలువ కథ. ఇది కొంత విపులముగా జెప్పదగినది. తుంగభద్ర నీటిని మళ్లించి కర్నూలు, కడప సీమలను దడుపవలెనని సర్ ఆర్థరు కాటను దొర తలపోసెను. ఈ పనికై ఇంగ్లాండులో మద్రాసు ఇరిగేషను కంపెనీ యను వర్తకసంఘ మేర్పడెను. సుంకేసుల కడ ఆనకట్ట కట్టి, అచ్చటినుండి కడప వఱకు సుమారు 190 మైళ్లు కాలువ త్రవ్విరి. 1863 ప్రాంతమున మొదలిడిన పని 1870 దాటినగాని ముగియలేదు. పొలములకు నీరును, సరకుల పడవలకు మార్గమును, కంపెనీకి లాభమును ఒక్క కాలువ చేతనే సిద్ధింపవలెనని వారి యాశ. కర్నూలు కడ కాలువకు హంద్రీ యడ్డువచ్చెను. ఏటిమీద తొట్టివంటి కట్టడము గట్టి, దానిలో కాలువను నడిపించిరి. క్రింద నేఱు, మీద కాలువ. ఎండకాలమున క్రిందిది యెండియుండి మీదిది పాఱు వింతను మా చదువరులు తప్పక చూడవలెను.

ఇంత చేసియు కంపెనీకి నష్టమే వచ్చెను. నల్లరేగడి భూములలో జొన్న, ప్రత్తి వేయు రైతు నీరు కట్టిన నేల చెడునేమోయని వెనుదీసెను. నీటి తీరువ యన్నను వెఱచెను. దీనిని కొందఱు మౌఢ్యమందురు. మే మట్లనజాలము. తరతరములుగా మంచుకును, తొలకరికిని అలవడిన పైరునకు కాలువనీరు పెట్టుమని తీరువ పుచ్చుకొను వర్తకుడే చెప్పినచో, రైతు సందేహించుట వివేకమే గదా! అంతలో 1876-78 నాటి ధాత కఱవు వచ్చిపడెను. కర్నూలు జిల్లాలో సుమారు నాలుగవ వంతు జనము తగ్గిపోయెను. ఆ కఱవున కాలువనీటిని కోరినవారు పెరిగిరి. తుదకు 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసెను. కే.సీ. కెనాలు అని మనవారు నేడు పిలుచునది యిదియే.

రాజధాని పదవి ఈ యూరికి తలవని తలంపుగా వచ్చినది గాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు భవనమున కోస్తా, రాయలసీమల నాయకు లొక యొడంబడిక చేసికొనిరి. రాజధాని, ఉన్నత న్యాయస్థానము ఈ రెంటిలో నొకటి కోస్తాలోను, మఱియొకటి సీమలోను ఉండవలెననియు, కోరుకొను హక్కు సీమవారిదనియు అందలి ముఖ్య నిబంధన. పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగము పిమ్మట 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు, ఆ మాట ప్రకారమే కర్నూలు రాజధాని యయ్యెను. ప్రారంభోత్సవమునకు జవహర్లాలు నెహ్రూగారు విచ్చేసిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి, చందూలాలు త్రివేదిగారు గవర్నరు. ఉన్నత న్యాయస్థానము గుంటూరునకు బోయెను.

అప్పటి కర్నూలు పెద్ద యూరు గాదు. కచేరీలకు మేడలు లేవు. డేరాలు వేసి వానిలో దస్త్రములు పెట్టుకొని రాజ్యము నడిపిరి. మద్రాసునుండి వచ్చిన యుద్యోగుల కుటుంబములకు ఇండ్లు చాలలేదు. సీమ యెండలో డేరా క్రింద కూర్చుండి ఫైళ్లు వ్రాసిన గుమాస్తాల నెవరును చరిత్రలో దలచుట లేదు. మేము వారిని దలచుచున్నాము. మూడు సంవత్సరముల నొక నెల గడచునప్పటికి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ మేర్పడి, రాజధాని హైదరాబాదునకు దరలిపోయెను. డేరాలు లేచిపోయెను. ఆ వెలితి పట్టణమున నేటికిని మాటలలో వినబడుచుండును.

అయినను ఊరు ఊరకుండలేదు. 1947లోనే డాక్టరు అబ్దుల్ హఖ్ గారు స్థాపించిన ఉస్మానియా కళాశాలకు తోడు, రాజధాని పోయిన మరుసటి యేట, 1957లో, వైద్య కళాశాల వచ్చెను. గ్రంథాలయోద్యమమునకు పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో నీ యూరనే జన్మించిరి. సమీపమందలి పెదపాడులో భూమిలేని దళిత కుటుంబమున 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్యగారు ఇచ్చటి మునిసిపలు పాఠశాలలో జదివి, 1960లో ముఖ్యమంత్రి యైరి. పన్నుల సొమ్ముతో నడచు బడి యేమి చేయగలదో ఇంతకుమించి చెప్పవలసిన పని లేదు.

శ్రీశైలము జలాశయము నిండగా, నీట మునుగనున్న రూపాల సంగమేశ్వరాలయపు రాళ్లను దెచ్చి కర్నూలు చెంత జగన్నాథగట్టుపై మరల నిలిపిరి. పల్లెలను అట్లు తెచ్చి నిలుపుట యెవరి తరమును గాలేదు. అచ్చటి జనులు తలకొక దిక్కునకు బోయిరి.

2009 అక్టోబరు 2న తుంగభద్రయు హంద్రీయు నొక్కమారు పొంగెను. శ్రీశైలము జలాశయమునకు 19 లక్షల ఘనపుటడుగుల వరదకు లెక్కవేసి కట్టిన ఆనకట్ట కడకు సెకనునకు సుమారు 25 లక్షలు వచ్చిపడుటచే వెనుకనీరు గూడ మీదికి దన్నెను. పాతపట్టణమున ఇండ్లు మునిగెను. జనులు మిద్దెలపై రాత్రులు గడపిరి. నీరు తీసిన పిదప వీథులనిండ బురద. దస్తావేజులు, పిల్లల పుస్తకములు, అంగళ్ల ధాన్యము అన్నియు నందే. రెండేళ్ల నీరు ఊరిమీద నడచిపోయిన యా దినములలో, పట్టణ జనులు బిందెలు చేతబట్టుకొని త్రాగునీటి లారీల కొరకు వరుసలలో నిలిచిరి.