పారేయడానికి చోటు లేని దీవి

మన పత్రికలో ఎక్కువగా కవితలు, కథలు వస్తుంటాయి. నేను కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే కాబట్టి కథ రాసేంత తెలుగు నా దగ్గర లేదు. కానీ ఒక లెక్కని తెలుగులో వివరించగలననే ధైర్యం ఉంది. అందుకే పాఠం లాంటి ఈ వ్యాసం. చివర్లో హోంవర్కు కూడా ఉంది, ముందే చెప్తున్నా.

మొదట ఒక మాట గురించి ఆలోచిద్దాం. "చెత్త పారేయ్", "నీళ్ళు పారబొయ్యి" అని ఇంట్లో రోజూ వింటాం. ఎక్కడికి పారేయాలో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. పొద్దున్నే బండి వస్తుంది, చెత్త వెళ్ళిపోతుంది. ఫ్లష్ నొక్కుతాం, అదీ వెళ్ళిపోతుంది. మన కంటికి కనపడని చోటికి పోతే పోయినట్టే లెక్క. మరి పంపడానికి అలాంటి "ఇంకో చోటు" లేకపోతే? ఈ పాఠం దాని గురించే.

మా బాబాయి ఉద్యోగరీత్యా టాంజానియాలో, దార్ ఎస్ సలామ్‌లో ఉంటాడు. మొన్న జనవరి సెలవుల్లో మేం నలుగురం (అమ్మ, నాన్న, తమ్ముడు, నేను) వాళ్ళింటికి వెళ్ళాం. అక్కడి నుంచి ఫెర్రీలో జాంజిబార్, జాంజిబార్ నుంచి చిన్న పడవలో చుంబే అనే దీవి. అక్కడ రెండు రాత్రులు ఉన్నాం.

దీవి సంగతి

చుంబే దీవి జాంజిబార్ నగరానికి దక్షిణంగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. విస్తీర్ణం సుమారు 22 హెక్టార్లు, అంటే మన లెక్కలో 55 ఎకరాల లోపే. 1904లో బ్రిటిష్ వాళ్ళు కట్టిన లైట్‌హౌస్ ఇప్పటికీ ఉంది. నేలంతా ఎప్పుడో సముద్రంలో ఉండి పైకి తేలిన పాత పగడాల రాయి. దాని మీదే అడవి పెరిగింది. పడమటి వైపు నీళ్ళలో బతికున్న పగడాల దిబ్బ. అందులో గట్టి పగడాలే 200 రకాల దాకా ఉన్నాయి, చేపలు 400 రకాలకు పైనే.

సిబిల్ రీడ్‌మిల్లర్ అనే జర్మన్ మహిళ 1991లో ఇక్కడ పని మొదలుపెట్టారు. 1994లో జాంజిబార్ ప్రభుత్వం ఈ పగడాల దిబ్బని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. దాన్ని కాపాడే ఖర్చు ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్నకు జవాబుగా కట్టిందే ఈ లాడ్జ్. మొత్తం 7 బంగళాలు, అంతే. 2000లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం వారి గ్లోబల్ 500 పురస్కారం కూడా దీనికి వచ్చింది.

ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఈ దీవిలో బావి లేదు, బోరు లేదు, వాగు లేదు. మంచినీళ్ళకి ఆధారం వాన ఒక్కటే.

మొదటి భాగం: నీళ్ళు

ప్రతి బంగళాకీ తాటాకు ఇళ్ళలా ఆకులు కప్పిన పెద్ద పైకప్పు ఉంటుంది. దాని మీద పడిన వాన ఒక చోటికి చేరి, ఇసుక, గులకరాళ్ళ ఫిల్టర్ గుండా ఇంటి కిందున్న సంపులోకి దిగుతుంది. స్నానానికి ఆ నీటిని చేతి పంపుతో పైకి కొట్టుకోవాలి. వేడినీళ్ళు ఎండతోనే కాగుతాయి.

ఇది సరిపోతుందా? రాత్రి నాకు నిద్ర పట్టక ఫోన్‌లో ఒక లెక్క వేశా. ఇందులో పైకప్పు కొలత నేను అనుకున్నదే, చుంబే వాళ్ళది కాదు. పద్ధతి అర్థం కావడం ముఖ్యం.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. ఇది గుర్తుంటే మిగతాదంతా గుణకారమే. పైకప్పు 100 చదరపు మీటర్లు అనుకుందాం. జాంజిబార్‌లో ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఏడాదికి 1,50,000 లీటర్లు.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. మన దేశంలో నగరాలకి ప్రణాళికలు వేసేటప్పుడు మనిషికి రోజుకి 135 లీటర్లు అని లెక్క కడతారు. మా నలుగురికి రోజుకి 540, ఏడాదికి 1,97,100 లీటర్లు. వచ్చేది లక్షా యాభై వేలు, అయ్యేది దాదాపు రెండు లక్షలు. సరిపోదు.

అయితే ఆ 135లో 45 లీటర్లు కేవలం ఫ్లష్ కోసం. అది తీసేస్తే మనిషికి 90. నలుగురికి రోజుకి 360, ఏడాదికి 1,31,400 లీటర్లు. ఇప్పుడు సరిపోయి, ఇంకా 18,600 లీటర్లు మిగులుతున్నాయి. స్నానం తగ్గించలేదు, బట్టలు ఉతకడం మానలేదు. ఒక్క ఫ్లష్ తీసేస్తే నష్టంలో ఉన్న ఇల్లు లాభంలోకి వచ్చింది. ఈ లెక్క నాలుగు సార్లు సరిచూసుకున్నా, నమ్మకం కలగక.

ఇంకో చిక్కుంది. అక్కడ పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా, చిన్న వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. మధ్యలో పొడి నెలలు. మూడు నెలలు గడవాలంటే 360ని 90 రోజులతో గుణించండి: 32,400 లీటర్లు నిల్వ ఉండాలి. ఇది ఎంతో మనకి తెలియాలంటే, ఎండాకాలంలో హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరున్నర. మనం బఫర్ సైజు ఎంచుకునేటప్పుడు చేసే ఆలోచన ఇదే. సగటు ఎంత వస్తుందన్నది చాలదు, ఎంత కాలం రాకుండా ఉంటుందన్నది తెలియాలి.

రెండో భాగం: మలినం

ఫ్లష్ లేకపోతే మరి టాయిలెట్ ఎలా? నాన్న మొదటి ప్రశ్న ఇదే. బాబాయిని పక్కకి పిలిచి, "ఏసీ లేదు, ఫ్లష్ లేదు. మరి ఇంత డబ్బు దేనికి కడుతున్నట్టురా?" అన్నాడు. "ఇవి లేకుండా కూడా హాయిగా ఉండేలా కట్టినందుకు అన్నయ్యా" అన్నాడు బాబాయి. నాన్న ఏమీ అనలేదు గానీ, మొహం చూస్తే ఒప్పుకోలేదని తెలిసింది.

అక్కడున్నది కంపోస్టు టాయిలెట్. వాడాక నీళ్ళకి బదులు ఎండుటాకులు, మట్టి కలిసిన మిశ్రమం వేయాలి. మలంలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. కర్బనం, నత్రజని దాదాపు 30:1 పాళ్ళలో ఉండి, గాలి ఆడుతుంటే, గాలి పీల్చే బ్యాక్టీరియా దాన్ని ఎరువుగా మారుస్తుంది. నీళ్ళు ఎక్కువై గాలి ఆడకపోతే వేరే రకం బ్యాక్టీరియా పెరుగుతుంది, కంపు అప్పుడే వస్తుంది. మేమున్న రెండు రోజులూ వాసన రాలేదు. మూడో పూట నుంచి నాన్న దాని ఊసెత్తలేదు.

స్నానం నీళ్ళు, చేతులు కడుక్కున్న నీళ్ళు కూడా సముద్రంలోకి వదలరు. అవి మొక్కలున్న మడుల్లోకి వెళ్తాయి. ఎందుకంటే ఆ నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. అవి సముద్రంలో కలిస్తే నాచుకి ఎరువు వేసినట్టే. నాచు పెరిగి పగడాలని కప్పేస్తే వాటికి వెలుతురు అందదు. కాబట్టి ఆ పోషకాలు నీళ్ళలో కలవక ముందే మొక్కలు తాగేయాలి.

ఇది వింటున్నప్పుడు అమ్మ నవ్వింది. "మా అమ్మ అంట్లు తోమే చోట అరటి చెట్లు ఎందుకు పెట్టిందనుకున్నావు?" అంది. నిజమే, నల్గొండ జిల్లాలోని మా అమ్మమ్మ వాళ్ళింటి వెనక అంట్ల నీళ్ళన్నీ అరటి పాదుల్లోకే పోయేవి. పెరటి చెత్త, పేడ పెంటకుప్పకి, అక్కడి నుంచి పొలానికి. ఆ ఊళ్ళో నీళ్ళు బిందెలతో మోసుకొచ్చిన రోజులు అమ్మకి గుర్తున్నాయి. మోసుకొచ్చిన నీళ్ళని ఎవరూ ఊరికే వదలరు. చుంబేలో ఇంజనీర్లు కొలిచి కట్టినదాన్ని, అమ్మమ్మ అవసరం కొద్దీ చేసిందన్నమాట.

మూడో భాగం: కరెంటు, చీకటి

దీపాలు సోలార్ మీద నడుస్తాయి. హెయిర్ డ్రయ్యర్ లాంటివి వాడకూడదు. కారణం సులభం: 1,500 వాట్ల డ్రయ్యర్ ఒక్కటి వేస్తే, 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 300 వెలిగించినంత. గాలి కోసం గది ముందు వైపు తడికని తాడుతో కిందికి దించుకోవచ్చు. సముద్రపు గాలి నేరుగా మంచం మీదికి వస్తుంది.

రాత్రి దారుల్లో లైట్లు ఉండవు, చేతికి టార్చి ఇస్తారు. పొదుపు కోసమే అనుకున్నా గానీ అసలు కారణం వేరు. రాత్రి తిరిగే జీవాలకి ఆ వెలుతురు అడ్డం. అక్కడ కొబ్బరి పీతలుంటాయి. నేల మీద బతికే పీతల్లో ఇవే అతి పెద్దవి, కాళ్ళు చాపితే మీటరు దాకా ఉంటాయి. చాలా దీవుల్లో వీటిని తినేయడం వల్ల తగ్గిపోయాయి. మా తమ్ముడు మొదటి రాత్రి ఒకదాన్ని చూసి కెవ్వుమన్నాడు. రెండో రాత్రి అవి కనపడే దాకా పడుకోనని మొండికేశాడు.

నాలుగో భాగం: మనుషులు

ఇంతవరకు చెప్పింది యంత్రం సంగతి. నాకు కష్టంగా అనిపించింది ఈ భాగం.

ఒక చోట చేపలు పట్టకూడదు అని గీత గీస్తే, ఆ గీతకి అవతల ఎవరి కంచమో ఉంటుంది. జాంజిబార్‌లో చేపల వేట మీద బతికే ఊళ్ళు చాలా ఉన్నాయి. పగడాలు బాగుండాలని టూరిస్టు కోరుకోవడం తేలిక. అతని రాత్రి భోజనం వాటి మీద ఆధారపడి లేదు కదా.

చుంబే వాళ్ళు చేసిన పని ఏమిటంటే, చుట్టుపక్కల ఊళ్ళ జాలర్లకే శిక్షణ ఇచ్చి రేంజర్లుగా పెట్టుకున్నారు. వీళ్ళ దగ్గర తుపాకులుండవు. పడవ వస్తే ఎదురెళ్ళి మాట్లాడతారు, ఇక్కడ పట్టకుండా వదిలేస్తే చేపలు పెరిగి గీత దాటి బయటికి వస్తాయని, అవి అందరివీ అని చెప్తారు. చెప్పేవాడు కూడా నిన్నటి దాకా వల వేసినవాడే కాబట్టి ఆ మాట వేరుగా ఉంటుంది. మమ్మల్ని నీళ్ళలోకి తీసుకెళ్ళినతను కూడా అలాంటివాడే. ప్రతి చేప పేరూ మొదట స్వాహిలీలో చెప్పి, తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు. నాకు మన సముద్రపు చేపల పేర్లు తెలుగులో నాలుగైదుకి మించి రావు. ఆ సంగతి అక్కడే తట్టింది.

ఇంకొకటి, జాంజిబార్ బడిపిల్లల్ని ఇక్కడికి ఉచితంగా తీసుకొచ్చి పగడాలు చూపిస్తారు. సముద్రం పక్కనే పుట్టినా నీళ్ళ అడుగున ఏముందో చూడని పిల్లలు చాలామంది. ఆ ఖర్చు మాలాంటి వాళ్ళు కట్టే డబ్బులోంచే వెళ్తుంది. ఈ సంగతి తెలిశాక నాన్న, "అయితే పర్వాలేదు" అన్నాడు. మా నాన్న నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు రాదు.

లెక్కలో లేనివి

పాఠం ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది గానీ నిజాయితీగా ఉండదు. ఏ వ్యవస్థకైనా సరిహద్దు ఎక్కడ గీశామన్నది ముఖ్యం. లాడ్జ్ చుట్టూ గీస్తే అన్నీ సరిపోతున్నాయి. కానీ హైదరాబాద్ నుంచి దార్ ఎస్ సలామ్‌కి నేరుగా గీత గీసినా సుమారు 5,000 కిలోమీటర్లు. గల్ఫ్ మీదుగా తిరిగి వెళ్ళాం కాబట్టి ఇంకా ఎక్కువ. ఆ ఇంధనం చుంబే లెక్కలో కనపడదు.

దాని ఫలితం మాత్రం చుంబేకి చేరుతుంది. సముద్రం మామూలు కంటే వేడెక్కితే పగడాలు తమలో ఉండి ఆహారం చేసిపెట్టే సూక్ష్మ శైవలాల్ని బయటికి వదిలేసి తెల్లబడిపోతాయి. వేడి తగ్గకపోతే చచ్చిపోతాయి. 1998లో, మళ్ళీ 2016లో హిందూ మహాసముద్రపు పడమటి భాగమంతా ఇది జరిగింది. చుంబే పగడాలూ తప్పించుకోలేదు. రేంజర్లు వలని ఆపగలరు, వేడిని ఆపలేరు. పోనీ అందరం వెళ్ళడం మానేద్దామా అంటే, రేంజర్ల జీతం ఎవరివ్వాలి? 2020లో ప్రపంచమంతా ప్రయాణాలు ఆగినప్పుడు టూరిస్టుల మీద బతికే ప్రతి చోటా ఈ ప్రశ్న వచ్చింది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నాకు తేలింది ఒక్కటే. "ఎకో" అనే బోర్డు చూసి నమ్మకుండా, మన దగ్గరైనా ఇంకెక్కడైనా నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వాడినవి ఎక్కడికి పోతున్నాయి? కరెంటు దేంతో వస్తోంది? నా డబ్బు ఆ ఊరివాళ్ళకి ఎంత చేరుతోంది? వెదురు కుర్చీలు, మట్టి కుండలు ఎన్ని ఉన్నా, ఈ నాలుగింటికి జవాబు లేకపోతే అది మామూలు హోటలే.

హోంవర్కు

1. మీ హాస్టల్ డాబా కొలత కనుక్కోండి. మీ ఊరి వార్షిక వర్షపాతంతో గుణించండి. మనిషికి 90 లీటర్ల చొప్పున ఎంతమందికి సరిపోతుంది? 135 అయితే ఎంతమందికి?

2. మెస్‌లో చేతులు కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయో కాలువ వెంట నడిచి చూడండి. చివరి దాకా నడవాలి.

3. ఒక రోజంతా "పారేయ్" అనాల్సి వచ్చిన ప్రతిసారీ "ఎక్కడికి?" అన్న మాట కూడా చేర్చి అనండి. ఎన్నిసార్లు జవాబు దొరికిందో రాసుకోండి.

జవాబులు క్లబ్బు గ్రూపులో పెట్టండి. రెండో ప్రశ్నకి మ్యాపు గీసి పంపిన వాళ్ళతో కలిసి వచ్చే సంచికకి మన క్యాంపస్ నీళ్ళ లెక్క రాద్దాం.