చేపల తొట్టికి ఏ ఫిల్టరు కొనాలి?
(మా తప్పు నేర్పిన పాఠం)

కిందటి వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులైన అన్నలు తలా కొంత చందా వేసుకొని మన వసతిగృహానికి ఒక చేపల తొట్టిని బహుమతిగా ఇచ్చారు. అందులో ఆరు గోల్డ్ ఫిష్‌లు. సంక్రాంతికి వచ్చిన అన్నలు "చేపలెట్లా ఉండాయిరా?" అని అడిగితే మేము తలలు వంచుకున్నాము. ఆరింటిలో నాలుగు చచ్చిపోయాయి. ఆ జవాబును దాచకుండా ఈ సంచికలో రాస్తున్నాము. ఇంట్లో తొట్టి పెట్టుకోవాలనుకొనే వారికి ఇది ఉపయోగపడితే మాకు అదే చాలు.

జరిగింది ఇది. ఒకరోజు అతిథులు వస్తున్నారని హాలంతా కడిగాము. తొట్టిలోని ఫిల్టరు స్పాంజి నల్లగా, జిగురుగా కనిపించింది. దాన్ని కొళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండాము. పాత నీళ్ళన్నీ పారబోసి కొత్తవి పోశాము. తొట్టి అద్దంలా మెరిసింది. మూడోరోజుకు నీళ్ళు పాలు కలిపినట్లయ్యాయి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం ఆడాయి. వారం తిరిగేలోగా నాలుగు పోయాయి. రోజూ మేత వేసే ఐదో తరగతి తమ్ముడు ఆ పూట అన్నం తినలేదు. "మనం శుభ్రంగానే పెట్టాము కదన్నా!" అన్నాడు. ఆ ప్రశ్నకు మా సైన్సు సారు చెప్పిన సమాధానమే ఈ వ్యాసం.

ఫిల్టరు చేసే అసలు పని

ఫిల్టరంటే మురికిని వడగట్టే జల్లెడ అని మేము అనుకున్నాము. అది సగం మాత్రమే నిజం. చేపల విసర్జన నుండి, మిగిలిన మేత నుండి నీటిలో అమ్మోనియా పుడుతుంది. అది కంటికి కనిపించని విషం. కొన్ని బ్యాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైట్‌గాను, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. మొక్కలు దాన్ని వాడుకుంటాయి, మిగిలినది నీళ్ళు మార్చినప్పుడు పోతుంది. మనం పాఠంలో చదివే నత్రజని వలయంలో ఒక భాగమే ఇది. ఈ బ్యాక్టీరియాలను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త వేరుచేసి చూపాడు.

ఈ బ్యాక్టీరియాలు ఎక్కువగా కాపురముండేది ఫిల్టరు స్పాంజిలోనే. మేము మురికి అనుకొని పిండేసిన జిగురులోనే అవి ఉన్నాయి. కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటే అది కూడా వాటిని చంపుతుంది. కాబట్టి మంచి ఫిల్టరంటే నీటిని మెరిపించేది మాత్రమే కాదు, బ్యాక్టీరియాకు చోటు, ప్రాణవాయువు ఇచ్చేది.

రకాలు

1. స్పాంజి ఫిల్టరు: గాలి మోటారుతో నడుస్తుంది. ధర తక్కువ, ప్రవాహం మెత్తన. చేప పిల్లలను లాగేయదు. చిన్న తొట్లకు, గప్పీలకు, ఫైటర్ చేపకు తగినది.

2. అడుగు ఫిల్టరు: గులకరాళ్ళ కింద పరిచే జల్లెడ పలక. రాళ్ళే బ్యాక్టీరియాకు ఇల్లు. అయితే రాళ్ళ మధ్య మురికి పేరుకుంటే తీయడం కష్టం.

3. లోపలి మోటారు ఫిల్టరు: నీటిలో మునిగి ఉంటుంది. మురికిని బాగా లాగుతుంది. లోపలి స్పాంజి మరీ చిన్నదైతే బ్యాక్టీరియాకు చోటు చాలదు.

4. అంచుకు తగిలించేది, పైన పెట్టేది: కడగడం సులభం. నీరు పైనుండి పడుతుంది కాబట్టి గాలి కూడా బాగా కలుస్తుంది.

5. క్యానిస్టర్: తొట్టి బయట ఉండే మూత పెట్టిన డబ్బా. పెద్ద తొట్లకు మేలు. ఖరీదు ఎక్కువ.

ఎలా ఎంచుకోవాలి?

మొదట తొట్టిని కొలవాలి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మాది 60×30×30, అంటే 54 లీటర్లు. రాళ్ళు, పైన ఖాళీ తీసేస్తే నీళ్ళు సుమారు 45 లీటర్లు. మోటారు ఫిల్టరైతే గంటకు తొట్టి నీటికి నాలుగైదు రెట్లు తిప్పగలగాలి. అంటే మాకు గంటకు 180 నుండి 225 లీటర్లు. స్పాంజిలో మురికి చేరేకొద్దీ ఈ వేగం తగ్గుతుంది కాబట్టి కొంచెం ఎక్కువదే మేలు.

రెండవది, చేపను చూడాలి. గోల్డ్ ఫిష్ మురికి ఎక్కువ చేస్తుంది, దానికి పెద్ద స్పాంజి కావాలి. మా తొట్టికి అసలు ఆరు గోల్డ్ ఫిష్‌లు ఎక్కువే. ఫైటర్ చేప గట్టి ప్రవాహానికి అలసిపోతుంది. బోరు నీరు కఠినజలమైతే గప్పీ, మోలీ చేపలు బాగా తట్టుకుంటాయి. మన నగరిలో మరమగ్గాలున్న ఇళ్ళవారికి తెలుసు, నూలును బట్టే మగ్గం నడపాలి. ఇదీ అంతే.

మూడవది, కరెంటు. ఫిల్టరు రాత్రింబవళ్ళు నడవాలి. 5 వాట్ల మోటారు నెలంతా నడిచినా 3.6 యూనిట్లే అవుతుంది కాబట్టి రాత్రి ఆపి పొదుపు చేయనక్కరలేదు. కరెంటు చాలాసేపు పోతే మూసిన డబ్బాలోని బ్యాక్టీరియా ప్రాణవాయువు అందక చావవచ్చు. తొట్టి నీటిలోనే ఉండే స్పాంజికి ఆ భయం తక్కువ. గాలి మోటారును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టాలి. లేకుంటే కరెంటు పోయినప్పుడు గొట్టం గుండా నీళ్ళు వెనక్కి మోటారులోకి వస్తాయి.

చివరిది, ఓపిక. కొత్త ఫిల్టరులో బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అందాకా చేపలు కొద్దిగా, మేత కొద్దిగా ఉండాలి.

మేము ఏం చేశాము?

రెండు స్పాంజిలున్న ఫిల్టరు ఒకటి, గాలి మోటారు ఒకటి తెచ్చుకున్నాము. మొదటి నెల రోజూ పావు వంతు నీళ్ళు మార్చాము. ఇప్పుడు వారానికొకసారి చాలు. కొత్త నీటిని ఒకరోజు ముందే బకెట్లలో పట్టి ఉంచుతాము. స్పాంజిలను రెండూ ఒకేసారి కడగము. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒకదాన్ని మెల్లగా పిండి, రెండోదాన్ని మరో వారానికి వదులుతాము. అది ఎప్పుడూ కాస్త నల్లగానే ఉంటుంది. ఇప్పుడు దాన్ని చూసి ఎవరూ ముఖం చిట్లించరు.

మిగిలిన రెండు చేపలు క్షేమంగా ఉన్నాయి. నీళ్ళు మార్చే బాధ్యత ఐదో తరగతి తమ్ముడిదే. స్పాంజిని కొళాయి దగ్గరికి తీసుకుపోతే పెద్దవాళ్ళమని కూడా చూడకుండా మమ్మల్ని కోప్పడతాడు.

అన్నలారా! ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తొట్టి దగ్గరికి తప్పక రండి. ఈసారి మేము తల వంచుకోము.