చిరునామాలు పంచువాని చిరునామా

'చిరునామా' అను మాట ఫారసీలోని 'సర్‌నామా' నుండి తెలుగునకు వచ్చినది. ఉత్తరమునకు అది యెంత అవసరమో, నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరుకు ఐపీ చిరునామా అంత అవసరము. ఐపీవీ4 పద్ధతిలో అది 32 బిట్ల సంఖ్య. దానిని 0 నుండి 255 వరకు గల నాలుగు సంఖ్యలుగా, నడుమ చుక్కలతో వ్రాయుదుము.

పది యంత్రములకు చిరునామాలను చేతితో నమోదు చేయవచ్చును గాని, వందలకు అది కష్టము. 1993లో తొలుత ప్రకటింపబడి, 1997లో సవరింపబడిన డీహెచ్‌సీపీ అను నియమావళి ఈ శ్రమను తొలగించినది. ఇందు సంభాషణ నాలుగు మాటలలో ముగియును. క్రొత్తగా చేరిన యంత్రము "చిరునామా ఇచ్చువారు కలరా?" అని అందరకు వినబడునట్లు అడుగును. సర్వరు ఒక చిరునామాను చూపును. యంత్రము దానినే కోరును. సర్వరు గడువు నిర్ణయించి ఖాయపరచును. గడువులో సగము గడచిన పిదప యంత్రము పొడిగింపు కోరును.

మరి రౌటరు సంగతి యేమి? వసతిగృహములో విద్యార్థుల గదులు ఏటేట మారవచ్చును. వార్డెను గది మాత్రము అందరకు తెలిసి, స్థిరముగా ఉండవలెను. అట్లే, బయటి ప్రపంచమునకు ద్వారమైన రౌటరు లోపలి చిరునామాను మనమే స్థిరముగా నియమింపవలెను. బయటివైపున మాత్రము, సేవాసంస్థ సర్వరు నుండి అది తానే చిరునామాను అడిగి తీసికొనవచ్చును.

మా ప్రయోగశాలలో జరిగిన సంగతి నొకటి చెప్పుదుము. ఉపకారవేతన దరఖాస్తులకు కడపటి దినమున సగము కంప్యూటర్లకు ఇంటర్నెట్ అందలేదు. తంతి తెగలేదు, యంత్రము చెడలేదు. తీగ లేని సౌకర్యమునకై ముందటి సాయంకాలము మేమే రెండవ రౌటరును తగిలించియుంటిమి. దాని చిరునామాయు మొదటి దాని వలెనే 192.168.1.1. పైగా అదియు చిరునామాలు పంచుచుండెను. ఒకే పేరుతో రెండు ద్వారములు. అందొకటి గోడలోనికి తెరచుకొనును! కారణము తెలియుటకు రెండు గంటలు పట్టినది. దరఖాస్తులు చివరి నిమిషములలో చేరినవి.

నాటి నుండి మేము పాటించు పద్ధతి యిది. మొదటి రౌటరుకు 192.168.1.1, రెండవదానికి 192.168.1.2 స్థిరముగా ఇచ్చితిమి. రెండవదానిలో డీహెచ్‌సీపీని ఆపి, తీగను దాని లోపలివైపు రంధ్రమునకే కలిపితిమి. పంపకమునకు 100 నుండి 200 వరకు 101 చిరునామాలను కేటాయించి, రౌటర్లను, ప్రింటరును ఆ హద్దుకు వెలుపల ఉంచితిమి. ఈ పట్టికను కాగితముపై వ్రాసి గోడకు అంటించితిమి.

విద్యార్థి మిత్రులారా! క్రొత్త పరికరమును తగిలించుటకు ముందు ఆ పట్టికను చూడుడు. ఒక్క నిమిషపు జాగ్రత్త ఒక పేద విద్యార్థి సంవత్సరమును కాపాడగలదు.